దిక్కులు కట్టుకునే హక్కు

ఈ మధ్య చిక్కడపల్లిలో ఒక సాహిత్య సభకి వెళ్లాను. వక్త పెద్దాయన, బాగా చదువుకున్నాయన. అలెగ్జాండర్ కాలం నాటి నగ్న తాత్వికులతో మొదలుపెట్టి, సదాశివ బ్రహ్మేంద్రుల మీదుగా వేమన దాకా వచ్చారు. బట్ట విప్పేసినవాడికి దాచుకోవడానికి ఏమీ మిగలదనీ, మన తత్వచింతనకి అదే శిఖరమనీ అన్నారు. హాలంతా చప్పట్లు. ప్రశ్నలకి సమయం లేదన్నారు, ఎప్పట్లాగే. అందుకని అక్కడ అడగలేకపోయింది ఇక్కడ అడుగుతున్నాను. ఆ శిఖరం ఎక్కడానికి ఆడవాళ్లకి దారి ఎటువైపు ఉంది?

అడగ్గానే వచ్చే జవాబు నాకు తెలుసు. "అయితే మీరూ బట్టలిప్పుకుని తిరుగుతామంటారా?" స్త్రీవాదుల్ని నలభై ఏళ్లుగా ఇలాంటి ప్రశ్నలతోనే కూర్చోబెడుతున్నారు. కాదు బాబూ, ఎండలో వానలో బట్టల్లేకుండా తిరగాలన్న సరదా మాకేమీ లేదు. దిగంబరుడు అంటే దిక్కుల్నే బట్టగా కట్టుకున్నవాడు. ఆ ఒక్క మాటలో మూడు పనులున్నాయి. ఇల్లు వదలడం, ఆస్తి వదలడం, నలుగురేమనుకుంటారోనన్న సిగ్గు వదలడం. బట్ట విప్పడం వీటన్నిటికీ చివర పెట్టే సంతకం లాంటిది. ఈ మూడు పనులూ మగవాడు చేస్తే తత్వమైంది, సంప్రదాయమైంది, సమాధి మీద గుడి అయింది. వాళ్లు వదిలివెళ్లిన ఇంట్లో ఎవరున్నారో, వాళ్ల కథల్లో ఆడదాని ఒంటికి ఏ పని అప్పగించారో ఎవరూ చెప్పరు. నేను మాట్లాడదల్చుకున్నది దాని గురించే.

గ్రీకుల దగ్గర్నుంచే మొదలుపెడదాం, వక్తగారూ అక్కడే మొదలుపెట్టారు కాబట్టి. క్రీస్తుపూర్వం 326లో అలెగ్జాండర్ తక్షశిలకి వచ్చినప్పుడు, ఊరి బయట కొందరు బట్టల్లేకుండా ఎండలో నిలబడీ, కూర్చునీ, పడుకునీ తపస్సు చేసుకుంటూ కనబడ్డారు. వాళ్ల దగ్గరికి ఒనెసిక్రిటస్ అనే తన మనిషిని పంపాడు. నా మాటలు వినాలంటే నువ్వూ బట్టలు విప్పి ఈ రాళ్ల మీద పడుకో అన్నాడట కాలనోస్ అనే ఆయన. దండమిస్ అనే పెద్దాయన రాజు పిలిచినా వెళ్లలేదు. కాలనోస్ మాత్రం సైన్యంతో వెళ్లి, పర్షియాలో జబ్బుపడి, చితి పేర్పించుకుని కాలిపోయాడు. గ్రీకులు వీళ్లకి జిమ్నోసోఫిస్టులని పేరు పెట్టారు, నగ్న జ్ఞానులని అర్థం. వాళ్లు వైదికులా, ఆజీవకులా, జైనులా అన్నది ఆ రాతల్ని బట్టి తేలదు. రాజుని లెక్కచెయ్యని ఆ ధీమా మాత్రం గొప్పదే. అందులో నాకు పేచీ లేదు.

కానీ ఇదే సంగతులు స్ట్రాబో తన భూగోళ గ్రంథం పదిహేనో భాగంలో రాశాడు. సభల్లో ఎవరూ చదవని రెండు వాక్యాలు అందులో ఉన్నాయి. ఒకటి, ధనవంతుల ఇళ్లు ఈ నగ్న జ్ఞానులకి ఎప్పుడూ తెరిచే ఉంటాయట, ఆడవాళ్లుండే లోపలి గదులతో సహా. వాళ్లు లోపలికి వచ్చి, తిని, మాట్లాడి వెళ్తారట. రెండోది చంద్రగుప్తుడి కొలువుకి రాయబారిగా వచ్చిన మెగస్తనీస్ చెప్పినది. ఇక్కడి బ్రాహ్మణ తాత్వికులు తమ భార్యలకి తత్వం చెప్పరట. ఎందుకట? భార్య చెడ్డదైతే చెప్పకూడని రహస్యాలు బయటపెడుతుంది. మంచిదైతే మొగుణ్ణి వదిలి వెళ్లిపోతుంది. సుఖాన్నీ దుఃఖాన్నీ, బతుకునీ చావునీ లెక్కచెయ్యని మనిషి ఇంకొకరి కింద పడి ఉండదు కదా, అదీ కారణం.

ఈ రెండో వాక్యం మీద నేను చాలాసేపు ఆగిపోయాను. మనకి తత్వం ఎక్కదని వాళ్లు అనుకోలేదు. ఎక్కుతుందని తెలుసు. ఎక్కితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆడది భావోద్వేగాల పుట్ట, ఆమెకి వైరాగ్యం పట్టుబడదు అని తర్వాతి శాస్త్రాలు రాసిన మాటలన్నీ ఈ భయం మీద కప్పిన దుప్పట్లు. అదే గ్రంథంలో శ్రమణుల గురించి చెబుతూ, వాళ్లలో కొందరితో కలిసి ఆడవాళ్లు కూడా బ్రహ్మచర్యంతో తత్వం చదువుతున్నారనీ రాసి ఉంది. అంటే దారి ఒకప్పుడు ఎక్కడో ఒకచోట ఉంది. మూసింది ఎవరన్నదే లెక్క.

బట్ట లేని మగవాడు అంతఃపురంలోకి రావచ్చు, బట్ట కట్టుకున్న ఆడది అంతఃపురంలోంచి బయటికి పోకూడదు. ఇది క్రీస్తుపూర్వం సంగతిలే అని వదిలేద్దామంటే, పద్దెనిమిదో శతాబ్దంలో సదాశివ బ్రహ్మేంద్రుల కథలోనూ ఇదే దృశ్యం ఉంది. కావేరీ తీరాన తెలుగు కుటుంబంలో పుట్టాడని చెప్పుకునే అవధూత. బ్రహ్మసూత్రాలకి వృత్తి రాసిన అద్వైతి. 'మానస సంచరరే' ఆయనదే, 'శంకరాభరణం' సినిమా వచ్చాక అది తెలియని తెలుగిల్లు లేదు. కరూరు దగ్గర నేరూరులో ఆయన సమాధి ఉంది. ఆయన ఒంటి మీద నూలుపోగు లేకుండా నవాబు జనానా గుడారంలోంచి తన ధ్యాసలో తాను నడిచిపోయాడనీ, నవాబు కత్తితో చెయ్యి నరికితే అది కూడా తెలియలేదనీ కథ. ఆ చెయ్యి మహిమ గురించి అందరూ చెబుతారు. ఆ గుడారంలో ఉన్న ఆడవాళ్లు ఏం చేశారు? బెదిరి మూలకి నక్కారా, నవ్వుకున్నారా, నవాబు కోపం ఆ తర్వాత వాళ్ల మీదికి మళ్లిందా? కథకుడికి ఆ సంగతి అక్కర్లేదు.

అంతకన్నా నన్ను బాధపెట్టేది ఆయన ఇల్లు వదిలిన కథ. చిన్నతనంలోనే పెళ్లయింది. భార్య పెద్దమనిషైందని కబురొస్తే ఇంట్లో విందుకి వంటలు మొదలుపెట్టారు. ఈయన చదువు ముగించుకుని ఆకలితో ఇంటికొచ్చాడు. వంట కాలేదు, కాసేపు ఆగమన్నారు. సంసారం మొదలవకముందే అన్నం ఆలస్యమైతే మొదలయ్యాక ఇంకెన్ని కష్టాలోనని వైరాగ్యం పుట్టి వెళ్లిపోయాడట. ఇది భక్తులే మురిసిపోతూ చెప్పే కథ, నేను కల్పించింది కాదు. ఒక్కసారి ఆ ఇంట్లోకి వెళ్లి చూడండి. పన్నెండో పదమూడో ఏళ్ల పిల్ల. మొదటిసారి ముట్టయి, భయపడుతూ మూల కూర్చుని ఉంటుంది. ఆ రోజుతో ఆ పిల్లకి మొగుడున్నా లేనట్టే. మళ్లీ పెళ్లి లేదు. తానూ వైరాగ్యం పుట్టించుకుని వెళ్లిపోదామంటే కుదరదు. పొయ్యి దగ్గర చెమటలు కక్కుతున్న అత్తలూ వదినలూ, అన్నం ఆలస్యం చేసి ఒక మహానుభావుణ్ణి లోకానికిచ్చిన పుణ్యం మూటగట్టుకున్నారు. ఆ పిల్ల పేరు ఏ స్తోత్రంలోనూ లేదు.

ఇక వేమన. మా కవాడిగూడ సందుల్లోంచి లోయర్ ట్యాంక్ బండ్ రోడ్డు దాటి కట్ట ఎక్కితే హుస్సేన్ సాగర్ వైపు వరసగా విగ్రహాలు. ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1980లలో పెట్టించినవి. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ రోజు కొన్ని కూలిపోయి మళ్లీ లేచాయి. ఆ ముప్పై పైచిలుకు విగ్రహాల్లో ఆడవాళ్లు ఇద్దరే, రుద్రమదేవి, మొల్ల. రుద్రమ రాజ్యం ఏలడానికి మగ దుస్తులు వేసుకుందని చెప్పుకుంటాం. వేమనకి కవి కావడానికి ఏ దుస్తులూ అవసరం లేకపోయింది. నేను వేమనని తక్కువ చెయ్యడం లేదు. కులాన్నీ విగ్రహారాధననీ దొంగ గురువుల్నీ అంత సూటిగా కడిగినవాడు ఇంకొకడు లేడు. బ్రౌన్ దొర 1829లో ఆ పద్యాలు అచ్చు వేయించకపోయినా జనం నోట్లో బతికే ఉండేవాడు. కానీ కులం దగ్గర అంత పదునున్న ఆ చూపు ఆడవాళ్ల మీదికి రాగానే ఊళ్లో మగవాళ్లందరి చూపైపోతుంది. ఆయన పేరుతో చలామణీలో ఉన్న ఎన్నో పద్యాల్లో ఆడది రోతకి ఉపమానం. ఆయన రాసినవెన్నో తర్వాత చేర్చినవెన్నో పండితులు తేల్చుకోనీ. అన్నిటినీ ఆయన ఖాతాలోనే వేసి మనకి బళ్లో బట్టీ పట్టించారు కదా.

ఆయన యోగి కావడానికి కారణంగా చెప్పే బులాకీ కథ మీ అందరికీ ఏదో ఒక రూపంలో తెలిసే ఉంటుంది. పాఠాంతరాలున్నాయి గానీ అసలు ముక్క ఇది. కుర్ర వేమన ఒక వేశ్యని మోహించాడు. ఆమె అతని వదిన ముక్కున ఉన్న బులాకీ కావాలంది. వదిన ఇస్తూ ఒక షరతు పెట్టింది. ఆమె ఒంటి మీద బట్ట లేకుండా నీకు వీపు పెట్టి నిలబడి, వెనక్కి వంగి బులాకీ తీసుకోవాలి, అప్పుడు నువ్వు ఆమెని బాగా చూడాలి. అలాగే చేశాడు. చూశాడు. రోత పుట్టింది. వైరాగ్యం వచ్చింది. బట్టలు వదిలి యోగి అయ్యాడు.

ఒకే కథలో రెండు నగ్న దేహాలున్నాయి చూడండి. ఆమెది చూసి అసహ్యించుకోవాలి. అతనిది చూసి చేతులు జోడించాలి. రక్తమూ మాంసమూ రెండింటిలోనూ ఒకటే. ఆమె తనంతట తాను విప్పలేదు, ఒక నగ కోసం విప్పించారు. అది ఆమె వృత్తి కూడా. వదిన చేతికి కత్తి ఇచ్చి ఇంకో ఆడదాని ఒంటిని కోయించడం ఈ కథలోని ఇంకో తెలివి. ఇంటి ఆడదీ బజారు ఆడదీ ఎదురెదురుగా ఉంటే మగవాడు మధ్యలోంచి మోక్షానికి నడిచిపోతాడు. పద్యం చివర మకుటంలో వచ్చే 'విశ్వద' అన్న మాట ఆ వేశ్య పేరేననీ, అభిరాముడు స్నేహితుడైన కంసాలి అనీ చెప్పేవాళ్లున్నారు. అది నిజమైతే ఎంత చిత్రం! మూడో తరగతి నుంచీ మనం రోజూ పలికిన పేరు ఆమెది, మనకెవరూ చెప్పలేదు. 1947లో కె.వి. రెడ్డి 'యోగి వేమన' తీసినప్పుడు ఈ దృశ్యం పెట్టలేదు. అన్న కూతురు చిన్నారి జ్యోతి చావుతో నాగయ్యకి వైరాగ్యం తెప్పించాడు. సినిమావాళ్ల మర్యాద కోసమే కావచ్చు. అయినా ఒక పసిపిల్ల చావుకి ఏడ్చి ఇల్లు వదిలిన మనిషిని నేను గౌరవించగలను.

ఆడది నిజంగానే వదిలి వెళ్తే ఏం జరిగిందో చూడ్డానికి శ్రీశైలం పోదాం. పన్నెండో శతాబ్దపు అక్క మహాదేవి కన్నడ దేశంలో ఉడుతడిలో పుట్టింది. కౌశికుణ్ణీ అతని అంతఃపురాన్నీ వదిలి, కట్టుబట్ట కూడా అక్కడే వదిలి నడిచింది. కల్యాణంలో అనుభవ మంటపానికి వస్తే అల్లమ ప్రభువు లోపలికి రానివ్వకుండా పరీక్ష పెట్టాడు. నీ మొగుడెవరన్నాడు. బట్ట వదిలినదానివి జుట్టుతో ఎందుకు కప్పుకున్నావన్నాడు. ఎదుటివాళ్లకి ఇబ్బంది కలగకూడదనే అన్న అర్థం వచ్చేలా ఆమె జవాబు చెప్పిందంటారు. పరీక్ష నెగ్గింది, అందరూ అక్కా అన్నారు. అక్కణ్ణుంచి మన శ్రీశైలం కదళీవనానికి వచ్చి అక్కడే మల్లికార్జునుడిలో కలిసిపోయింది. ఇప్పుడు పాతాళగంగ నుంచి పడవ ఎక్కితే కృష్ణ మీదుగా అక్క మహాదేవి గుహలకి తీసుకెళ్తారు.

ఎంత సమానత్వం మాట్లాడిన మంటపం అది! బసవడు కులాన్ని పక్కన పెట్టాడు. అయినా ఆ వాకిట్లో ఒక ఆడమనిషి తన ఒంటికి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. కౌపీనంతో వచ్చిన జంగముణ్ణి ఎవరైనా ఇలా నిలబెట్టి అడిగారా? తక్షశిలలో విప్పమన్నది జ్ఞాని, ఇక్కడ ఎందుకు విప్పావన్నదీ జ్ఞానే. ఆ తర్వాత శిల్పులూ చిత్రకారులూ కలిసి ఆమె జుట్టుని పెంచుకుంటూ పోయారు. ఇవాళ ఎక్కడ చూసినా అక్క అంటే పాదాల దాకా జుట్టు. అది ఒక చీర అయిపోయింది, ఐదున్నర గజాలూ ఉంటుంది. ఈ మాట మనకీ తగులుతుంది. మన పుస్తకాల అట్టల మీద, మన సభల బ్యానర్ల మీద అక్క బొమ్మ వేయించినప్పుడు మనం కూడా ఆర్టిస్టుకి చెప్పేది అదే కదా, జుట్టు బాగా వెయ్యండి అని.

ఈ నిషేధానికి శాస్త్రం ఎక్కడ పుట్టిందని వెతికితే అదీ మన నేల మీదే దొరుకుతుంది. అనంతపురం జిల్లాలో గుంతకల్లు దగ్గర కొనకొండ్ల అనే ఊరుంది. దిగంబర జైనులకి మహాగురువైన కుందకుందాచార్యుడి ఊరు అదేనని చాలామంది చరిత్రకారుల మాట. ఆయన పేరు మీద ఉన్న 'సుత్తపాహుడ'లో వాదం ఇలా నడుస్తుంది. బట్ట ఉన్నవాడికి మోక్షం లేదు, తీర్థంకరుడికైనా సరే. ఆడదానికి నగ్న దీక్ష ఇవ్వకూడదు. ఎందుకంటే ఆమె యోనిలో, రొమ్ముల మధ్య, బొడ్డులో, చంకల్లో సూక్ష్మజీవులు ఉంటాయి, నెలనెలా రక్తం పోతుంది, మనసుకి నిలకడ ఉండదు. కాబట్టి ఆడజన్మలో మోక్షం లేదు. మళ్లీ మగాడిగా పుట్టాల్సిందే. ఇందులో మెలిక గమనించండి. బట్ట కట్టుకోమనేదీ వాళ్లే, కట్టుకుంది కాబట్టి పనికిరాదనేదీ వాళ్లే. చూసే కళ్ల దోషం మీద ఒక్క ముక్క లేదు, చంకల్లో సూక్ష్మజీవుల లెక్క మాత్రం ఉంది. మగ ముని చంకల్లో ఏమున్నాయో మరి!

దీనికి ఎదురు చెప్పినవాళ్లూ ఉన్నారు. శ్వేతాంబరులు స్త్రీకి మోక్షం ఉందన్నారు. పందొమ్మిదో తీర్థంకరురాలు మల్లి స్త్రీయేనన్నారు. యాపనీయులని ఇంకో శాఖ ఉండేది. వాళ్ల మునులు నగ్నంగానే ఉండేవాళ్లు, అయినా స్త్రీ మోక్షానికి బట్ట అడ్డు కాదన్నారు. తొమ్మిదో శతాబ్దంలో వాళ్లలోని శాకటాయనుడు 'స్త్రీ నిర్వాణ ప్రకరణం' అని ఒక పుస్తకమే రాశాడు. ఈ వాదోపవాదాలన్నీ పద్మనాభ్ జైని 1991లో ఇంగ్లీషులోకి తెచ్చాడు, దొరికితే తప్పక చదవండి. యాపనీయులు మన వేంగిలోనూ ఉన్నారు. పదో శతాబ్దంలో తూర్పు చాళుక్య రాజు రెండో అమ్మరాజు మలియపూండి శాసనంలో వాళ్ల జినాలయానికి దానమిచ్చాడు. తర్వాత ఆ శాఖే లేకుండా పోయింది. గెలిచిన వాదాలకి మఠాలు మిగులుతాయి, ఓడినవి తాటాకుల్లో మిగులుతాయి.

అదే అమ్మరాజుది కలుచుంబర్రు శాసనం అని ఇంకొకటి ఉంది. ఆ దానం చేయించింది చామెకాంబ. రాజు ఇష్టపడ్డ వేశ్య, పట్టవర్ధిక వంశపు మనిషి, అర్హనంది అనే జైన గురువుకి శిష్యురాలు. అత్తిలి సీమలో ఒక ఊరు ఇప్పించింది. దేనికి? సర్వలోకాశ్రయ జినభవనంలో భోజనశాల బాగుచేయడానికి. నాకు ఈ శాసనం చాలా ఇష్టం, అంత కోపమూ తెప్పిస్తుంది. సన్యాసి అన్నీ వదిలేశానంటాడు, ఆకలిని వదల్లేడు. ఆ ఆకలికి ఊరూ వాడా అమ్మలక్కలు వండి పెట్టాలి. పెద్ద చెయ్యి ఉన్న చామెకాంబలు ఊళ్లే రాసివ్వాలి. ఆమె ఇచ్చిన అన్నం పవిత్రమే, ఆమె ఒళ్లే కాదు. వేశ్యని చూసి యోగి అయిన కథ మనకి కంఠతా వచ్చు. వేశ్య బాగుచేయించిన భోజనశాల సంగతి ఎంతమందికి తెలుసు?

ఇదంతా పాత కాలపు మఠాల గొడవ, ఆధునిక సాహిత్యానికి ఏం సంబంధం అనేవాళ్లకి మన హైదరాబాదులో జరిగిందే చెబుతాను. 1965లో ఒక అర్ధరాత్రి రిక్షా కార్మికుడి చేత తొలి సంపుటం ఆవిష్కరింపజేసి ఆరుగురు కవులు దిగంబర కవులమన్నారు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. పుట్టినప్పటి పేర్లు కూడా వదిలేశారు, అచ్చం సన్యాసుల్లాగే. మూడేళ్లలో మూడు సంపుటాలు. కుళ్లిపోయిన వ్యవస్థ మీద వాళ్ల కోపం నిజమైనది, చెరబండరాజు దానికి జైళ్లలో మూల్యం చెల్లించాడు. అదేదీ కాదనను. కానీ ఆరుగురిలో ఒక్క ఆడమనిషి లేదు. దేశం కుళ్లిపోయిందని చెప్పడానికి వాళ్లకి తిరిగి తిరిగి దొరికిన ఉపమానం వేశ్య ఒళ్లే, చెరచబడ్డ ఒళ్లే. బులాకీ కథ మళ్లీ ఇంకోసారి. అశ్లీలమని అప్పుడూ గోల చేశారు. కానీ ఆ గోలంతా సద్దుమణిగి ఇవాళ అది సిలబస్సులో ఒక ఉద్యమం.

సుమారు ఇరవై ఏళ్ల తర్వాత, 1980ల చివర జయప్రభ పైటను తగలెయ్యాలని రాసింది. బట్టలన్నీ కాదు, పైట ఒక్కటి. అది గుండె మీద బరువని, చూపులకి భయపడి మోస్తున్నదని. దానికి వచ్చిన జవాబులు గుర్తున్నవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. పత్రికల్లో, సభల్లో, కాలేజీ స్టాఫ్ రూముల్లో. స్త్రీవాద కవిత్వాన్నంతా కలిపి నీలి కవిత్వమన్నారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన సంకలనం 'నీలి మేఘాలు' ఆ మాటని తిప్పి పేరులోనే పెట్టుకుంది. మగవాళ్లు ఆరుగురు మొత్తం విప్పితే విప్లవం, ఆడది ఒక కొంగు గురించి మాట్లాడితే ఒళ్లు కొవ్వెక్కడం! ఆ రోజుల్లో నేను ఉద్యోగం చేసిన కాలేజీలో (పేరెందుకులెండి) లేడీ లెక్చరర్లు చుడీదార్ వేసుకు రాకూడదని సర్క్యులర్ తెచ్చి సంతకాలు పెట్టించుకున్నారు. తెలుగు శాఖలో మా సీనియర్ ఒకాయన ఆ వారమే దిగంబర కవిత్వం మీద పాఠం చెబుతున్నారు. ఆయన సంతకం పెట్టక్కర్లేదు కదా, పెట్టిన మా వైపు చూసి నవ్వారు.

2004 జూలై 15న ఇంఫాల్‌లో కంగ్లా కోట గేటు ముందు పన్నెండు మంది తల్లులు బట్టలు తీసేసి నిలబడ్డారు. మనోరమని అస్సాం రైఫిల్స్ తీసుకెళ్లిన మర్నాడు ఆమె శవం దొరికింది, అందుకు. 2018 ఏప్రిల్ 7న మన ఫిల్మ్ ఛాంబర్ ముందు శ్రీరెడ్డి నడుం పైన బట్టలు తీసి కూర్చుంది. సినిమా అవకాశాల పేరుతో ఆడపిల్లల్ని వాడుకుంటున్నారని చెప్పడానికి. పోలీసులు తీసుకెళ్లారు. సినిమా నటుల సంఘం వెలివేసింది, జాతీయ మానవ హక్కుల సంఘం నోటీసు ఇచ్చాక ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆ తర్వాతే మహిళా సంఘాలూ సినిమా స్త్రీలూ గట్టిగా అడిగితే 2019లో తెలంగాణ ప్రభుత్వం కమిటీ వేసింది. అది 2022లో నివేదిక ఇచ్చింది. 2024లో కేరళ హేమ కమిటీ నివేదిక బయటికొచ్చాక మన నివేదికనీ బయటపెట్టమని మళ్లీ అడగాల్సి వచ్చింది. శ్రీరెడ్డి ఆ తర్వాత మాట్లాడిన ప్రతి మాటనీ నేను మోయను. ఆ రోజు ఆమె చేసిన పని మాత్రం దండమిస్ చేసిన పనే, అధికారం ముందు పోవడానికి ఇంకేమీ లేదని చూపించడం. ఆమెకి ఆ పేరు ఇవ్వడానికి మన వేదాంతులెవరికీ నోరు రాలేదు. 2025లో ప్రయాగ కుంభమేళాలో నాగ సాధువుల స్నానాల వేళ ప్రభుత్వం హెలికాప్టర్ల మీంచి పూలు చల్లించింది. అక్కడ నాగ సన్యాసినులూ ఉన్నారు. వాళ్లకి మాత్రం ఒక కాషాయ బట్ట తప్పనిసరి.

పేదరాలి విషయంలో ఇంకో లెక్క ఉంది. అక్క పుట్టిన ఆ శివమొగ్గ జిల్లాలోనే చంద్రగుత్తి రేణుకాంబ గుడి దగ్గర ఆడవాళ్లు ఒంటి మీద బట్ట లేకుండా మొక్కు తీర్చుకునేవాళ్లు, ఎక్కువమంది దళితులు. 1986లో దళిత సంఘాలవాళ్లు ఆపబోతే పెద్ద గొడవై, తర్వాత ప్రభుత్వం నిషేధించింది. ఆ మొక్కుని నేను వెనకేసుకు రాను. ఎవరి ఒంటి మీదికి ఆ మొక్కులు వచ్చిపడతాయో జోగినుల మధ్య పనిచేసినవాళ్లకి తెలుసు. కానీ గంగ ఒడ్డున ఉన్నది సనాతన ధర్మమనీ, వరదా నది ఒడ్డున ఉన్నది మూఢనమ్మకమనీ విడదీసిన చెయ్యి ఎవరిదో అడగాలి కదా. విప్పుకునే హక్కు కాదు, కట్టుకునే హక్కు కోసమే తరతరాలు కొట్లాడిన ఆడవాళ్లున్న దేశం ఇది. తిరువాన్కూరులో రవిక వేసుకున్నందుకు నాడార్ ఆడవాళ్లని కొట్టి చింపారు, 1859 దాకా వాళ్లకి అనుమతి రాలేదు. కాబట్టి బట్ట వదలడమే స్వేచ్ఛ అని నేనెలా అంటాను?

నాకు కావలసింది వదిలివెళ్లే హక్కు, మెగస్తనీస్ కాలం నాటి ఆ మొగుళ్లు భయపడ్డ హక్కు. వెళ్లినదాన్ని వాకిట్లో నిలబెట్టి పరీక్ష పెట్టకుండా ఉండటం. ఉండిపోయినదాని వంటని తత్వ చరిత్రలో ఖర్చు కింద రాయడం. దీనికి పెద్ద విప్లవాలు అక్కర్లేదు, మన చేతిలో ఉన్న పనే చాలా ఉంది. ఈ పత్రిక చదివేవాళ్లలో సగం మంది తెలుగు శాఖల్లో ఉన్నారు, బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఉన్నారు. ఏటా వేమన మీద ఒకటే ప్రశ్న ఇస్తున్నాం, వేమన సామాజిక దృక్పథాన్ని వివరించండి అని. ఈసారి బులాకీ కథ ఇచ్చి, ఆ గదిలో ఉన్న స్త్రీ వైపు నుంచి రాయమనండి. దిగంబర కవిత్వం యూనిట్ పక్కనే పైట కవిత పెట్టి రెండింటి మీదా వచ్చిన విమర్శని పోల్చమనండి. చామెకాంబ శాసనం ఒక పేజీ జిరాక్స్ తీసి పంచండి. పిల్లలు రాస్తారు. వాళ్లకి రాని ప్రశ్నలు కావు ఇవి, మనం ఇవ్వని ప్రశ్నలు. పేపర్లు సెట్ చేసేది మార్చిలో, ఇంకా టైముంది.